ఫ్రాక్టల్ బొమ్మలు, ఎత్తుగడల ఆటలు: ఇందులో లెక్క ఎక్కడ మొదలవుతుంది?

లెక్కలటీచర్

అందరికీ నమస్కారం. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉన్న పిల్లలకు వారానికి ఒక గంట లెక్కల క్లబ్ నడుపుతున్నాను. సిలబస్ లేదు, మార్కులు లేవు. ప్రస్తుతం రెండు రకాల పనులు చేయిస్తున్నాను. ఒకటి, ఒకే ఆకారం చిన్నదవుతూ తనలోనే మళ్లీ మళ్లీ వచ్చే ఫ్రాక్టల్ బొమ్మలు గీసి రంగులు వేయడం. రెండోది, రాళ్లు తీసే ఆట, చుక్కల మధ్య గీతలు గీసే ఆట లాంటి చిన్న చిన్న ఎత్తుగడల ఆటలు.

లెక్కలంటేనే ముడుచుకుపోయే పిల్లలు కూడా ఈ గంటకు ముందే వచ్చి కూర్చుంటున్నారు. నాకు అది చాలా పెద్ద విషయం. కానీ ఒక ప్రశ్న వదలడం లేదు. బొమ్మ గీసేటప్పుడు వాళ్ల ధ్యాస రంగుల మీద ఉంటుంది, ఆట ఆడేటప్పుడు గెలుపు మీద ఉంటుంది. మరి లెక్క ఎక్కడ మొదలవుతుంది? ఏ ప్రశ్న వేస్తే పిల్లలు పెన్సిల్ పక్కన పెట్టి ఆలోచనలో పడతారు? తరగతిలో చేయించినవాళ్లు ఉంటే, ఏం అడిగారో, పిల్లలు ఏమన్నారో వివరంగా రాయండి. సృజనాత్మకత పెరుగుతుంది లాంటి మాటలు నేనూ చాలా చదివాను. రేపు తరగతిలో వాడుకోగలిగేవి కావాలి.

అనంతరేఖ

లెక్కలటీచర్ గారూ, మంచి ప్రశ్న వేశారు. నా అనుభవంలో బొమ్మ పూర్తి కాకముందే ప్రశ్న రావాలి. పూర్తయ్యాక అడిగితే పిల్లలకు అది హోంవర్క్‌లా అనిపిస్తుంది.

సియెర్పిన్‌స్కీ త్రిభుజాన్నే తీసుకోండి. ఒక సమబాహు త్రిభుజం గీసి, మూడు భుజాల మధ్యబిందువులు కలిపి, నడిమి త్రిభుజాన్ని ఖాళీగా వదిలేస్తాం. మిగిలిన మూడింటిలో మళ్లీ అదే పని. పోలండ్ గణితజ్ఞుడు సియెర్పిన్‌స్కీ 1915లో దీని గురించి రాశాడు. పిల్లలు రెండో మెట్టు గీశాక నేను ఆపమంటాను. "మూడో మెట్టులో రంగు వేయాల్సిన త్రిభుజాలు ఎన్ని వస్తాయి? గీయకుండా చెప్పండి." 1, 3, 9 అయ్యాయి కాబట్టి 27 అని చాలామంది చెప్పేస్తారు. అక్కడే ఆగకూడదు. "27 ఎందుకు? 15 ఎందుకు కాకూడదు? 1, 3, 9 తర్వాత 6 కలిపితే 15 కదా?" అని నేను ఎదురు వాదిస్తాను. అప్పుడు ఎవరో ఒకరు లేచి, "ప్రతి త్రిభుజం మూడు పిల్లల్ని కంటుంది టీచర్" అంటారు. నిరూపణ అంటే అదే. ఆ మాట వచ్చిన చోట లెక్క మొదలైనట్టే.

తర్వాత వైశాల్యం. మొత్తం త్రిభుజం 1 అనుకుంటే మొదటి మెట్టు తర్వాత రంగు మిగిలేది 3/4. రెండో మెట్టు తర్వాత 9/16. ఇక్కడ పిల్లలకు భిన్నాల గుణకారం ఎందుకు చేస్తామో కళ్లకు కనిపిస్తుంది, "మూడు పాతికల్లో మూడు పాతికలు" అని. పది మెట్లు వెళ్తే? క్యాలిక్యులేటర్ ఇచ్చి చేయమనండి. దాదాపు 0.056 వస్తుంది, అంటే వందలో ఆరు పాళ్లు కూడా మిగలదు. ఇప్పుడు రెండో ప్రశ్న: రంగు వేసిన ముక్కలన్నిటి చుట్టుకొలత ఎంత? మొదటి మెట్టులో మూడు చిన్న త్రిభుజాలు, ఒక్కోదాని చుట్టుకొలత పాతదానిలో సగం, కాబట్టి మొత్తం ఒకటిన్నర రెట్లు. పది మెట్లకు 57 రెట్లు దాటిపోతుంది. వైశాల్యం కరిగిపోతుంటే చుట్టుకొలత పెరిగిపోతోంది! వైశాల్యం తగ్గితే చుట్టుకొలత కూడా తగ్గుతుందని మనసులో గట్టిగా నమ్మిన పిల్లలకు ఇది పెద్ద కుదుపు. ఆ కుదుపు కోసమే నేను ఈ బొమ్మ గీయిస్తాను. రంగులు దానికి దారి.

రాళ్లకుప్ప

బొమ్మల సంగతి అనంతరేఖ గారు చెప్పారు కాబట్టి నేను ఆటల సంగతి చెబుతాను.

21 రాళ్లు. ఇద్దరు ఆడాలి. వంతుకు 1 లేదా 2 లేదా 3 రాళ్లు తీయొచ్చు. చివరి రాయి తీసినవాళ్లు గెలిచినట్టు. ఇందులో మాస్టారు చేయకూడని పని ఒక్కటే ఉంది: కిటుకు చెప్పడం. 4 గుణిజాలు వదలండి అని చెప్పిన క్షణంలో ఆట చచ్చిపోతుంది.

మొదట ఊరికే ఆడనివ్వండి. కాసేపటికి "4 రాళ్లు మిగిలి నా వంతు వస్తే నేను ఓడినట్టే" అని ఒకరు గుర్తిస్తారు. దాన్ని బోర్డు మీద రాయండి. పేరు రాయక్కర్లేదు, మాట రాస్తే చాలు. తర్వాత అడగండి: "అవతలివాళ్లకు 4 మిగల్చాలంటే మనకు ఎన్ని ఉండాలి?" 5, 6, 7 అని వస్తుంది. "మరి 8 ఉంటే?" ఇక అక్కడి నుంచి పిల్లలు వెనక్కి నడుస్తారు. 8, 12, 16, 20. కాబట్టి 21తో మొదలుపెట్టినవాళ్లు 1 తీసి 20 మిగిల్చితే చాలు, తర్వాత అవతలివాళ్లు ఎన్ని తీసినా రెండు వంతులు కలిపి 4 అయ్యేలా చూసుకోవాలి. చివరి నుంచి మొదటికి ఆలోచించడం అనే అలవాటు లెక్కల్లో ఎన్ని చోట్ల పనికొస్తుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అసలు పని ఆ తర్వాత ఉంది. "రాళ్లు 21 కాదు, 50. వంతుకు 5 దాకా తీయొచ్చు. ఇప్పుడు?" కిటుకు బట్టీ పట్టిన పిల్లలు 4 గుణిజాలే వెతుకుతారు. కారణం అర్థమైన పిల్లలు 6తో భాగించి శేషం 2 అని, మొదట 2 తీయాలని చెబుతారు. భాగహారంలో శేషం అనేది పారేసే ముక్క కాదని వాళ్లకు నేను ఉపన్యాసం ఇవ్వక్కర్లేకుండానే తెలుస్తుంది. ఆ తర్వాత "చివరి రాయి తీసినవాళ్లు ఓడినట్టు" అని నియమం తిప్పండి. మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. అలా ఒక్క ఆట చాలా గంటలు నడుస్తుంది.

నాన్నకాపీ

నేను టీచర్‌ని కాదు, ఏడో తరగతి అమ్మాయి తండ్రిని. తప్పుగా అనుకోకండి, రెండు సందేహాలు. మా అమ్మాయి బడిలోనూ ఇలాంటివి చేయించారు. బొమ్మ చాలా అందంగా వేసింది, గోడకు అతికించాం. కానీ భిన్నాల కూడిక ఇచ్చినప్పుడు మళ్లీ అదే భయం. బొమ్మ మీది ఇష్టం బొమ్మ దగ్గరే ఆగిపోయింది. ఇక రెండోది, ఆటలో ఓడిపోతే తను ఏడుస్తుంది. నాకు లెక్కలు రావు అని అప్పటికే అనుకుంటున్న పిల్ల, ఆటలో కూడా ఓడిపోతే ఇంకా కుంగిపోదా?

పాతచాక్‌పీస్

నాన్నకాపీ గారూ, మీరు అడిగిన రెండూ సరైన సందేహాలే. చాలాకాలం లెక్కలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మొదటిది. ఫ్రాక్టల్ బొమ్మ వేసినంత మాత్రాన భిన్నాల కూడిక రాదు. ఎవరైనా వస్తుందంటే నమ్మకండి. చేతికి అలవాటు కావలసిన పనులకు సాధన కావాలి, దానికి బదులు ఇంకోటి లేదు. అయితే సాధన చేయడానికి ఒక కారణం కూడా కావాలి. మీ అమ్మాయి గోడకు అతికించిన బొమ్మ దగ్గరే కూర్చుని అడగండి. కోఖ్ మంచు పలుకు అయితే ఇంకా మంచిది. స్వీడన్ గణితజ్ఞుడు హెల్గె ఫోన్ కోఖ్ 1904లో చూపించిన వంపు అది. ప్రతి గీతను మూడు సమాన భాగాలు చేసి, నడిమి భాగం మీద చిన్న త్రిభుజం నిలబెట్టి, అడుగు గీత చెరిపేస్తాం. మొదటి త్రిభుజం వైశాల్యం 1 అయితే, మొదటి మెట్టులో కలిసేవి మూడు బుల్లి త్రిభుజాలు, ఒక్కోటి 1/9. అంటే 1/3 కలిసింది. రెండో మెట్టులో 12 త్రిభుజాలు, ఒక్కోటి 1/81, అంటే 4/27. ఇప్పుడు 1 + 1/3 + 4/27 ఎంత? ఇది భిన్నాల కూడికే. హారాలు 27కు తెచ్చుకుంటే 40/27. కానీ ఇక్కడ ఆ కూడిక వెనక ఒక ఆరాటం ఉంది: ఇలా కలుపుతూ పోతే 2 దాటుతుందా, దాటదా? దాటదు. ఎన్ని మెట్లు ఎక్కినా 8/5 దగ్గరికి చేరుతూ ఉంటుంది గాని దాన్ని మించదు. అదే సమయంలో చుట్టుకొలత ప్రతి మెట్టుకూ 4/3 రెట్లు పెరుగుతూ హద్దు లేకుండా పోతుంది. పెద్ద తరగతిలో గుణశ్రేఢి మొత్తం నేర్చుకునేనాటికి ఈ 8/5 ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అమ్మాయే కట్టి చూపిస్తుంది.

రెండోది, ఓటమి. ఇది నన్ను చాలా ఆలోచింపజేసిన విషయం. ఫ్రాన్స్‌కు చెందిన గీ బ్రూసో అనే గణిత విద్యా పరిశోధకుడు "20కి పరుగు" అనే ఆటను తరగతిలో ఎలా నడపాలో చూపించాడు. ఒకరు 1 లేదా 2 అంటారు, రెండోవారు దానికి 1 లేదా 2 కలుపుతారు, అలా ముందు 20 అన్నవాళ్లు గెలుస్తారు. ఆయన దాన్ని మెట్లుగా విడగొట్టాడు. ముందు ఇద్దరిద్దరుగా ఆడతారు. తర్వాత తరగతి రెండు జట్లవుతుంది, ఒక్కొక్కరు వచ్చి జట్టు తరఫున ఆడతారు, జట్టులో వాళ్లు మాట్లాడుకుంటారు. చివరికి ఆట పక్కన పెట్టి వాదన మొదలవుతుంది. ఒక జట్టు "17 అన్నవాళ్లు తప్పక గెలుస్తారు" అని ఒక మాట ప్రతిపాదిస్తుంది, అవతలి జట్టు దాన్ని ఒప్పుకోవాలి లేదా తప్పని చూపించాలి. పాయింట్లు ఆ మాటలకే.

ఇందులో ఎంత మేలు ఉందో చూడండి. రెండో మెట్టులోనే ఓటమి ఒక్క పిల్ల నెత్తిన పడటం ఆగిపోతుంది. మూడో మెట్టులో మెల్లగా ఆలోచించే పిల్లలకు బలం వస్తుంది. గబగబా ఆడే పిల్లాడు చెప్పలేని కారణాన్ని మూల కూర్చున్న అమ్మాయి చెబుతుంది. లెక్కలటీచర్ గారూ, గెలుపు మీదే ధ్యాస అన్నారు కదా. ధ్యాసను మాన్పించక్కర్లేదు, గెలుపు అనే దాని అర్థం మారిస్తే చాలు.

నాన్నకాపీ

చాలా థాంక్స్ మాస్టారూ. 40/27 లెక్క ఈ రాత్రే కూర్చుని చేయిస్తాను. 17 తర్వాత వెనక్కి వెళ్తే 14, 11, 8, 5, 2 వస్తున్నాయి. అంటే మొదట 2 అన్నవాళ్లే గెలుస్తారన్నమాట!

కోడ్‌తాబేలు

కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఒక మాట. లోగో భాష 1967లో పుట్టింది, సేమర్ పేపర్ట్, వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్ దాని వెనక ఉన్నారు. తెర మీద తాబేలును ముందుకు, కుడికి, ఎడమకు నడిపించడమే పని. ఇప్పుడు స్క్రాచ్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లోనూ అలాగే గీయించొచ్చు. కోఖ్ వంపుకు ఆజ్ఞలు ఇవే: ముందుకు, ఎడమకు 60 డిగ్రీలు, ముందుకు, కుడికి 120, ముందుకు, ఎడమకు 60, ముందుకు. ఇప్పుడు ఆ నాలుగు "ముందుకు"ల బదులు ఈ మొత్తం ఆజ్ఞనే పెట్టమనండి. పిల్లలు కాసేపు తలపట్టుకుంటారు, పెట్టనివ్వండి. ఒక పని తనను తానే పిలవగలదని తెలిసినప్పుడు వాళ్ల ముఖంలో వచ్చే వెలుగు కోసం ఎంతసేపైనా ఆగొచ్చు.

ఇంకో లాభం, తాబేలు 120 బదులు 60 తిరిగితే బొమ్మ పాడవుతుంది. త్రిభుజం లోపలి కోణం 60 కదా, మరి 120 ఎందుకు తిరగాలి అనే ప్రశ్న దానంతట అదే వస్తుంది. బాహ్య కోణం గురించి ఎంత చెప్పినా పట్టని పిల్లలు తాబేలును సరిచేస్తూ నేర్చుకున్నారు.

బడిబెంచీ

మా బడిలో కంప్యూటర్ లేదు. కాగితం ఉంటే చాలు అనేవి ఏమైనా ఉన్నాయా?

కోడ్‌తాబేలు

ఉన్నాయి బడిబెంచీ గారూ, పైగా కొన్ని కాగితంతోనే బాగుంటాయి. పొడుగాటి కాగితం పట్టీ తీసుకుని ఎప్పుడూ ఒకే వైపుకు సగానికి మడవండి. నాలుగైదు సార్లు మడిచాక విప్పి, ప్రతి మడతనూ సరిగ్గా లంబకోణంలో నిలబెట్టి, అంచు మీద బల్లపై పెట్టండి. కనిపించేది డ్రాగన్ వంపు మొదటి రూపాలు. నాసాలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త జాన్ హైవే 1966లో దీన్ని కనిపెట్టాడు. మడతల లెక్క 1, 3, 7, 15, అంటే ప్రతిసారీ 2 ఘాతం కంటే ఒకటి తక్కువ. మడతల దిశలు రాయించండి. ఒకసారి మడిస్తే కు. రెండుసార్లకు కు కు ఎ. మూడుసార్లకు కు కు ఎ కు కు ఎ ఎ. కుడికి కు, ఎడమకు ఎ. తర్వాతి వరుస మడవకుండా రాయగలరా? పాత వరుస రాసి, మధ్యలో ఒక కు పెట్టి, పాత వరుసనే వెనక నుంచి కుడి ఎడమలు మార్చి రాస్తే సరి. కానీ దయచేసి ఇది చెప్పకండి, వాళ్లనే వెతకనివ్వండి. కాగితం సగానికి మడిచినప్పుడు ఒక సగం తిరగబడుతుంది కాబట్టే ఇలా వస్తుంది, ఆ కారణం కాగితం చేతిలో ఉంటేనే దొరుకుతుంది.

సరిబేసి

కాగితంతో ఇంకోటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మేరు ప్రస్తారం. పాస్కల్ త్రిభుజం అని పాఠ్యపుస్తకాల్లో ఉండేదే. పింగళుడి ఛందస్సు సూత్రాలకు పదో శతాబ్దంలో హలాయుధుడు రాసిన వ్యాఖ్యలో దీని వివరం ఉంది. గురువులు, లఘువులు ఎన్ని రకాలుగా అమర్చొచ్చో లెక్కపెట్టడానికి వాడారు.

అంచుల్లో 1 పెట్టి, పై రెండు గళ్లు కలిపి కింద రాస్తూ పోవడం పిల్లలకు తెలుసు. ఇప్పుడు బేసి సంఖ్యల గళ్లకే రంగు వేయమనండి. పదహారు వరుసలు వేసేసరికి పిల్లలు ఉలిక్కిపడతారు, సియెర్పిన్‌స్కీ త్రిభుజం అక్కడ కూర్చుని ఉంటుంది! సంఖ్యలు వేలల్లోకి వెళ్లిపోతాయి కదా, కూడికలు కష్టం కదా అనొచ్చు. అసలు కూడికలు అక్కర్లేదు. కింది గడి బేసా సరా అని తెలియాలంటే పై రెండు గళ్లు బేసో సరో తెలిస్తే చాలు. బేసి, సరి కలిస్తే బేసి. రెండూ ఒకే రకమైతే సరి. ఇది పిల్లలే కనిపెట్టాలి. "పెద్ద సంఖ్యలు కూడటం విసుగ్గా ఉందా? అయితే కూడకుండా దారి వెతకండి" అంటే వెతుకుతారు. విసుగు కూడా ఒక్కోసారి మంచి టీచరే.

వరుసల్లో బేసి గళ్లు లెక్కపెట్టిస్తే 1, 2, 2, 4, 2, 4, 4, 8. ఎనిమిది వరుసల మొత్తం 27. పదహారు వరుసలకు 81. అనంతరేఖ గారి 1, 3, 9, 27 మళ్లీ వచ్చింది చూశారా? 3తో భాగిస్తే వచ్చే శేషాన్ని బట్టి మూడు రంగులు వేయిస్తే ఇంకో అందమైన బొమ్మ వస్తుంది. అక్కడ గణితం, కళ వేరు చేయడం ఎవరి తరమూ కాదు.

పదోతరగతి

నేను విద్యార్థిని. రాళ్లకుప్ప సార్, 21 రాళ్ల ఆట మా ఫ్రెండ్స్ అందరికీ వచ్చేసింది, ఇక ఎవరూ ఆడటం లేదు. కుప్పలు ఎక్కువుంటే ఎలా? అలాగే స్ప్రౌట్స్ ఆట ఆడాం. కొన్ని చుక్కలు పెట్టి, రెండు చుక్కల మధ్య గీత గీసి, ఆ గీత మీద కొత్త చుక్క పెట్టాలి. గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు, ఒక చుక్క నుంచి మూడు గీతల కన్నా ఎక్కువ బయల్దేరకూడదు. గీత గీయలేనివాళ్లు ఓడినట్టు. ప్రతిసారీ కొత్త చుక్క వస్తూనే ఉంటుంది కదా, మరి ఆట ఎప్పుడూ ఎందుకు ఆగిపోతోంది?

రాళ్లకుప్ప

బాబూ, రెండూ చాలా మంచి ప్రశ్నలు. స్ప్రౌట్స్ ముందు చెబుతాను. జాన్ కాన్వే, మైఖేల్ పాటర్సన్ కలిసి 1967లో కేంబ్రిడ్జ్‌లో తయారుచేసిన ఆట అది. చుక్కలు లెక్కపెట్టడం మానేసి, ఒక్కో చుక్కకు ఇంకా ఎన్ని గీతలు తగలొచ్చో లెక్కపెట్టు. దాన్ని ప్రాణాలు అందాం. కొత్త ఆటలో చుక్కకు 3 ప్రాణాలు. ఒక ఎత్తు వేస్తే రెండు కొసల దగ్గర రెండు ప్రాణాలు పోతాయి. కొత్త చుక్క పుడుతుంది, కానీ దానికి అప్పటికే రెండు వైపులా గీత ఉంది, కాబట్టి దాని దగ్గర ఒక్క ప్రాణమే ఉంది. ఇప్పుడు ఒక్కో ఎత్తుకు మొత్తం ఎంత తగ్గుతుందో నువ్వే చెప్పు.

కుప్పల ఆట పేరు నిమ్. హార్వర్డ్‌లో పనిచేసిన చార్లెస్ బౌటన్ 1901లో దీని పూర్తి సిద్ధాంతం రాశాడు, ఆ పేరూ ఆయన పెట్టిందే. ఒక వంతులో ఏదో ఒక కుప్ప నుంచి ఎన్నైనా తీయొచ్చు, చివరి రాయి తీసినవాళ్లు గెలిచినట్టు. ముందు రెండు కుప్పలతో ఆడండి. రెండూ సమానంగా ఉంటే రెండోవాళ్లు అవతలివాళ్లు చేసిందే ఇంకో కుప్పలో చేస్తూ గెలుస్తారు. మూడు కుప్పలకు వచ్చేసరికి ఆ అద్దం విరిగిపోతుంది. 1, 2, 3 ఉన్న కుప్పలు తీసుకుని, ఎవరి వంతు అయితే వాళ్లు ఓడిపోతారని అన్ని దారులూ రాసి చూపించు.

పూర్తి కిటుకు బైనరీలో ఉంది. ప్రతి కుప్పనూ 1, 2, 4, 8 గుంపులుగా విడగొట్టు. 3 అంటే 2+1. 5 అంటే 4+1. 7 అంటే 4+2+1. ఏ రకం గుంపు ఎన్నిసార్లు వచ్చిందో చూడు. అన్ని రకాలూ సరి సంఖ్యలో ఉండేలా మిగిల్చినవాళ్లు గెలుస్తారు. 3, 5, 7లో 4లు రెండు, 2లు రెండు, 1లు మూడు. బేసి వచ్చింది 1ల దగ్గరే, కాబట్టి ఏ కుప్ప నుంచైనా ఒక్క రాయి తీస్తే చాలు. సరి చేసిన లెక్కను ఒక్క కుప్ప ముట్టుకుని అవతలివాళ్లు సరిగానే ఎందుకు ఉంచలేరో ఆలోచించు, అదే ఈ సిద్ధాంతానికి గుండెకాయ.

పదోతరగతి

సార్ వచ్చేసింది! ఒక్కో ఎత్తుకు 2 పోయి 1 వస్తుంది, అంటే ఒక్కో ప్రాణం తగ్గుతుంది. n చుక్కలతో మొదలైతే 3n ప్రాణాలు. చివరి ఎత్తు వేశాక కొత్తగా పుట్టిన చుక్కకు ఒక ప్రాణం తప్పకుండా మిగిలే ఉంటుంది. కాబట్టి 3n − 1 ఎత్తుల కన్నా ఎక్కువ సాగదు. రెండు చుక్కలకు 5. మేం ఆడిన ఆటల్లో ఎప్పుడూ 5 దాటలేదు, ఇప్పుడు ఎందుకో తెలిసింది.

అనంతరేఖ

శభాష్! నిరూపణలో ఒక్క పుల్ల కూడా తగ్గలేదు. చిత్రం, ఆట, నిరూపణ అని మనం గదులు కడుతున్నాం గాని పిల్లలకు ఆ గోడలు లేవు.

గోడల మాట వచ్చింది కాబట్టి బొమ్మలూ ఆటలూ ఒకేచోట కలిసే ఉదాహరణ ఒకటి చెబుతాను. ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఎద్వార్ ల్యూకా 1883లో బయటికి తెచ్చిన హనోయ్ బురుజు ఆట చాలామందికి తెలుసు. మూడు కడ్డీలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన బిళ్లలు, పెద్దది ఎప్పుడూ చిన్నదాని మీదికి రాకూడదు. n బిళ్లలను ఇంకో కడ్డీకి మార్చడానికి కనీసం 2 ఘాతం n, మైనస్ 1 ఎత్తులు కావాలి. ఇంతవరకే సాధారణంగా చేయిస్తారు. నేను ఆటకు మ్యాప్ గీయిస్తాను. బిళ్లలు ఉండగలిగిన ప్రతి అమరికకూ ఒక చుక్క, ఒక్క ఎత్తులో ఒక అమరిక నుంచి ఇంకోదానికి వెళ్లగలిగితే మధ్యలో గీత. ఒక బిళ్లకు మూడు చుక్కల త్రిభుజం. రెండు బిళ్లలకు తొమ్మిది చుక్కలు, అలాంటి మూడు త్రిభుజాలు మూడు గీతలతో కలిసి ఉంటాయి. మూడు బిళ్లలకు 27. ఆ మ్యాప్ పెరిగేకొద్దీ సియెర్పిన్‌స్కీ త్రిభుజంలా కనిపిస్తుంది. పెద్ద బిళ్ల ఏ కడ్డీ మీద ఉందన్నదాన్ని బట్టి మ్యాప్ మూడు ముక్కలవుతుంది, ఒక్కో ముక్క లోపల మిగతా బిళ్లల ఆట మొత్తం ఉంటుంది. ఆటలో గెలిచే దారి అంటే ఆ త్రిభుజం ఒక మూల నుంచి ఇంకో మూలకు భుజం వెంబడి నడవడమే. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ మ్యాప్ ముందు చాలాసేపు కూర్చుంటారు.

పాతచాక్‌పీస్

ఎంత బాగుంది. పెద్ద పిల్లలకు ఇంకో ప్రశ్న కలుపుతాను. గీతను రెండు రెట్లు పెంచితే అది పాతదానికి 2 కాపీలు. చతురస్రం భుజం రెండు రెట్లు పెంచితే 4 కాపీలు. ఘనానికి 8. అంటే 2 ఘాతం 1, 2 ఘాతం 2, 2 ఘాతం 3. ఆ ఘాతాలే పరిమాణాలు, అంటే డైమెన్షన్లు. మరి సియెర్పిన్‌స్కీ త్రిభుజాన్ని రెండు రెట్లు పెంచితే? 3 కాపీలు. 2ను ఏ ఘాతానికి తీసుకెళ్తే 3 వస్తుంది? 1కి ఎక్కువ, 2కి తక్కువ. క్యాలిక్యులేటర్‌తో వెతుక్కుంటూ 1.585 దగ్గరికి వస్తారు. లాగరిథమ్ ఎందుకు పుట్టాలో పాఠం రాకముందే తెలుసుకున్నవాళ్లవుతారు.

ఇది కాగితం మీది వింత మాత్రమే అనుకుంటే తీరరేఖల సంగతి చెప్పండి. ఇంగ్లండ్‌కు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ సరిహద్దుల పొడవులు పోల్చి చూసినప్పుడు, స్పెయిన్, పోర్చుగల్ ఒకే సరిహద్దుకు వేర్వేరు పొడవులు ఇచ్చాయని గమనించాడు, ఒకరిది 987 కిలోమీటర్లు, ఇంకొకరిది 1,214. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ వంకరలు ఎక్కువ అందుతాయి, పొడవు పెరుగుతుంది. బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో బ్రిటన్ తీరం పొడవెంత అని వేసిన ప్రశ్న దీని మీద నిలబడిందే. అట్లాసు, వృత్తలేఖిని ఇచ్చి వ్యాసార్థం మారుస్తూ ఒకే తీరాన్ని కొలిపించండి. కొలిచిన ప్రతి జట్టుకూ వేరే జవాబు వస్తుంది, అందరూ సరిగ్గానే కొలిచి ఉంటారు.

లెక్కలటీచర్

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మేరు ప్రస్తారంలో బేసి గళ్లు చేయించాను. సరిబేసి గారూ, మీరు చెప్పినట్టే "కూడకుండా దారి" వాళ్లే పట్టుకున్నారు. ఆరో తరగతి అమ్మాయి ఒకరు, సరి గళ్ల త్రిభుజం ఒకసారి మొదలయ్యాక లోపల అంతా సరే ఎందుకు వస్తుందో బోర్డు మీద చూపించింది. సరిలో సరి కలిస్తే సరే కదా, అంచుల నుంచి మాత్రమే బేసి లోపలికి రాగలదు అంది. 20కి పరుగు జట్లతో ఆడించాను. వాదన మెట్టులో గోల ఎక్కువైంది, కానీ మంచి గోల.

ఒక్కటి తేలలేదు. కేయాస్ గేమ్ చేయించాను. త్రిభుజం మూడు మూలలకు పేర్లు పెట్టి, లోపల ఎక్కడో చుక్క పెట్టి, పాచిక వేసి, వచ్చిన మూల వైపు సగం దూరం వెళ్లి కొత్త చుక్క పెట్టాలి, మళ్లీ పాచిక. పిల్లలు ఒకే కొలత త్రిభుజాన్ని పారదర్శక షీట్ల మీద గీసి తలా కొన్ని చుక్కలు పెట్టారు. షీట్లన్నీ ఒకదాని మీద ఒకటి పెడితే సియెర్పిన్‌స్కీ త్రిభుజం! పాచిక మన చేతిలో లేదు, మరి నడిమి ఖాళీలోకి చుక్క ఎందుకు పడలేదు అని అడిగారు. ఏడో తరగతికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

కోడ్‌తాబేలు

ఒక్క చుక్కను కాకుండా త్రిభుజం మొత్తాన్ని కదిలించమనండి. లోపలున్న ప్రతి చుక్కా పై మూల వైపు సగం దూరం వెళ్లిందనుకుందాం. అన్నీ ఎక్కడికి చేరతాయి? పై మూలలో ఉన్న సగం కొలత త్రిభుజంలోకి. ఎడమ మూల వైపు వెళ్తే ఎడమ సగం త్రిభుజంలోకి, కుడి అయితే కుడిదానిలోకి. నాలుగో దారి లేదు. కాబట్టి పాచికలో ఏది పడ్డా మొదటి ఎత్తు తర్వాత చుక్క ఆ మూడింటిలో ఏదో ఒకదానిలోనే ఉంటుంది, నడిమి త్రిభుజంలోకి చేరే దారే లేదు. రెండో ఎత్తులో ఆ మూడూ కలిసి మళ్లీ సగానికి కుదించుకుంటాయి, తొమ్మిదిలో ఒకదానిలో ఉంటుంది. మొదట పెట్టిన చుక్క ఒక్కటి మాత్రం నడిమి ఖాళీలో ఉండొచ్చు, షీట్లలో అలాంటివి కొన్ని కనిపిస్తే కంగారు పడకండి, పైగా అవి ఎవరి మొదటి చుక్కలో పిల్లలనే వెతకమనండి.

తర్వాత చతురస్రంతో, నాలుగు మూలలతో అదే ఆట ఆడించండి. ఆడించే ముందు ఏ బొమ్మ వస్తుందో ఊహించి రాయమనండి. నాలుగు సగం చతురస్రాలు కలిసి పెద్ద చతురస్రాన్ని ఖాళీ లేకుండా నింపేస్తాయి కాబట్టి ఏ బొమ్మా రాదు. బొమ్మ ఎందుకు రాలేదో చెప్పగలిగిన పిల్లలకు త్రిభుజంలో ఎందుకు వచ్చిందో ఇంక చెప్పక్కర్లేదు. ఆ తర్వాత "వెంటవెంటనే ఒకే మూల వైపు రెండుసార్లు వెళ్లకూడదు" అనే ఒక్క నియమం కలపండి. చతురస్రంలో కూడా బొమ్మ పుడుతుంది. దాని ఖాళీలు ఎక్కడ వస్తాయో మాత్రం నేను చెప్పను, మీ ఏడో తరగతి వాళ్లు ఇక్కడ రాస్తే చదవాలని ఉంది.